కొలతలకు వచ్చినవాళ్లు

తిరుమలగిరి, సికింద్రాబాద్
9 జనవరి 2024

షంషు అక్కకు సలాం.

ఫోను చేతిలో ఉండగా ఈ ఉత్తరం ఏమిటా అనుకుంటావు. ఫోనులో నా గొంతు నీకు అందడం లేదు. "జెర గట్టిగ మాట్లాడు తమ్మీ" అని నువ్వంటావు. నేను అరిచాననే అనుకుంటాను, పక్కనున్న జన్నత్‌కే వినపడలేదట. దానికి తోడు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రోజూ ఒక పేజీ చేత్తో రాయమంది. నా అక్షరాలు చిన్నవైపోతున్నాయి. వరుస మొదట్లో బాగానే ఉంటాయి, చివరికి వచ్చేసరికి చీమలు. ఏదో పుస్తకం చూసి ఎక్కించడం నాకు చాతకాదు. నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే కాబట్టి నీకే రాస్తాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపకు.

పార్కిన్సన్స్ అని తేలి నాలుగేళ్లు. కుడిచేతి బొటనవేలితో మొదలైంది, నీకు తెలుసు. ఇప్పుడు ఎడమ చేయి కూడా. పొద్దున మాత్ర పనిచేసే దాకా నా చొక్కా గుండీలు జన్నత్ పెట్టాలి. ముప్పై ఏళ్లుగా ఈ బజారులో మిలిటరీ వాళ్ల యూనిఫారాలు కుట్టినవాణ్ణి, నా గుండీ నేను పెట్టుకోలేను. పోయిన నెల ఒక మేజరు గారి కోటుకు కత్తెర వేశాను. భుజం దగ్గరికి వచ్చేసరికి కత్తెర వంకర తిరిగింది. ఆయన కోప్పడలేదు. పర్వాలేదు మాస్టర్, మళ్లీ వేరే గుడ్డ తెస్తానన్నాడు. మళ్లీ రాలేదు.

డాక్టర్ భవాని గారు ఒక ఆపరేషన్ సంగతి చెప్పారు. మెదడులోకి సన్నటి తీగలు దింపి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెడతారు. అందరికీ పనికిరాదట. పనికొచ్చిన వాళ్లకు చేతులు చాలామటుకు తిరిగొస్తాయట. ఒకాయన వీడియో చూపించారు. ఆపరేషన్‌కు ముందు గ్లాసు పట్టుకోలేని మనిషి, ఆ తర్వాత సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. అక్కా, ఆ వీడియో నేను మూడుసార్లు చూపించమన్నాను.

దానికి ముందు ఆమె ఇంటి చరిత్ర అడిగారు. రక్తసంబంధంలో ఎవరికైనా ఉందా, ఏ వయసులో వచ్చింది, ఎన్నేళ్లకు మంచం పట్టారు, మతి చెదిరిందా అని. నాయన పోయినప్పుడు నాకు ఏడేళ్లు. ఆయన చేయి వణకడం ఒక్కటే నాకు గుర్తు, అదీ చూసిందో విన్నదో తెలియదు. అమ్మ ఉన్నన్నాళ్లు ఆ మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేది. ఇక చెప్పగలిగేది నువ్వొక్కదానివే. ఉన్నదున్నట్టు రాయి.

నీ తమ్ముడు
నాసర్


ఖమ్మం
22 జనవరి 2024

తమ్ముడు నాసర్‌కు,

నీ ఉత్తరం అందింది. ఎర్ర సిరా బయటికి తీయలేదు. ముప్పై నాలుగేళ్లు బడిపిల్లల నోటుపుస్తకాలు దిద్దినదాన్ని, రాత చూస్తే మనిషి ఎట్లా ఉన్నాడో తెలుస్తుంది. నీ రాత చిన్నదైందే గాని నీ పద్ధతి పోలేదు. వరుస తప్పలేదు.

నాయన సంగతి అడిగావు. ఆయన చేయి కొంచెం వణికేది, నిజమే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దూది ఏకే విల్లు మోగించే వాళ్లలో ఎవరి చేయి వణకదు? మన పెదనాయన చేయీ వణికేది, ఆయన ఎనభై ఏళ్లు బతికాడు. నాయనకు జ్వరం వచ్చింది. ఐదు రోజులు పడుకున్నాడు, పోయాడు. నేను పక్కనే ఉన్నాను. మతి చెదరడం లాంటిదేమీ లేదు. మా వంశంలో ఎవరికీ లేదనే డాక్టరమ్మతో చెప్పు.

ఇక్కడ చలి తగ్గింది. కింది వాటాలో ఉండే నాంచారమ్మ రోజూ నన్ను పార్కుకు లాక్కుపోతోంది. మోకాళ్లు నొప్పులంటే వినదు. నీ చేతులు నీకు తిరిగి రావాలని ప్రతి నమాజులో అడుగుతున్నాను. మరదలు జన్నత్‌కు, మేనకోడలు మహెక్‌కు నా దీవెనలు.

అక్క
షంషున్నీసా


తిరుమలగిరి
6 మార్చి 2024

అక్కా,

నువ్వు రాసినట్టే డాక్టరమ్మకు చెప్పాను. ఎవరికీ లేదు, మా నాయన జ్వరంతో పోయాడు అని. ఆమె రాసుకున్నారు. పరీక్షలు మొదలయ్యాయి. బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నారు, వందలోంచి ఏడు తీసుకుంటూ పొమ్మన్నారు, గడియారం గీయమన్నారు. గడియారంలో అంకెలన్నీ ఒక పక్కకే పోయాయి. వణుకు వల్ల అన్నాను. ఆపరేషన్ ఏప్రిల్ పద్దెనిమిదిన.

ఇక ఇది నీకొక్కదానికే. జన్నత్‌కు చెప్పకు, మహెక్‌కు అసలే చెప్పకు. నువ్వు దూరంగా ఉన్నావు కాబట్టి నీకు చెప్పగలుగుతున్నాను.

దసరా రోజుల్లో మొదలైంది. నా ఎడమ భుజం వెనక ఎవరో నిలబడినట్టు ఉండేది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. భయం వేయలేదు. షాపులో పనివాడు నిలబడి ఉన్నట్టు, అంతే. తర్వాత మిషను కింద నుంచి పిల్లి పోయినట్టు ఉండేది. ఫిబ్రవరిలో మనుషులు వచ్చారు.

మధ్యాహ్నం, మంచి ఎండ. షాపు ముందరి బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన పెద్దవాడు, ఒకాయన నా వయసు. కాళ్లకు ఎర్రదుమ్ము. దూరం నుంచి నడిచి వచ్చినట్టున్నారు. మాట్లాడలేదు. కొలతలకు వచ్చారని నాకు తెలిసిపోయింది. రమ్మన్నాను. వాళ్లలో చిన్నవాడు లేచి వచ్చాడు. టేపు తీసి ఛాతీ కొలిచాను, నలభై. పుస్తకంలో రాశాను. భుజం పద్దెనిమిది. చేయి పొడుగు కొలుస్తుంటే జన్నత్ టిఫిన్ డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవరికి కొలుస్తున్నవ్?" అంది.

చూస్తే నా చేతిలో టేపు గాలిలో వేలాడుతోంది. "ఎవరికి లేదు. చెయ్యికి కసరత్తు" అన్నాను. నమ్మిందో లేదో తెలియదు. డబ్బా పెట్టి వెళ్లిపోయింది. పుస్తకంలో మాత్రం నా రాత ఉంది, ఛాతీ నలభై, భుజం పద్దెనిమిది. పేరు దగ్గర ఖాళీ. ఆ కాగితం చింపేశాను.

వారానికి రెండుమూడు సార్లు వస్తున్నారు. ఏమైనా కనిపిస్తున్నాయా అని డాక్టరమ్మ సూటిగానే అడిగారు. లేదని చెప్పాను. ఉందంటే ఆపరేషన్ ఆపేస్తారు, నాకు తెలుసు. ముందు చేతులు రానీ అక్కా. మనుషుల సంగతి తర్వాత చూసుకుందాం.

నాసర్


ఖమ్మం
14 మార్చి 2024

నాసర్,

నీ ఉత్తరం చదివి వంటింటి నేల మీద కూర్చుండిపోయాను. నాంచారమ్మ పార్కుకు పిలవడానికి వచ్చి నన్ను లేపింది.

నేను నీకు అబద్ధం రాశాను. నాయనకు జ్వరం రాలేదు.

ఆయనకు నలభై నాలుగో ఏట వణుకు మొదలైంది. రెండేళ్లకు విల్లు వదిలేశాడు. మూడో ఏట అడుగులు నేలకు అతుక్కుపోయేవి. గడప దగ్గరికి వచ్చి ఆగిపోయేవాడు. వెనక నుంచి ఎవరో ఒకరు చెయ్యి వేస్తేనే దాటేవాడు. ఆ తర్వాత మనుషులు రావడం మొదలైంది.

"బయట మనుషులు కూసున్నరు. పరుపులకొచ్చిన్రు. చాప వెయ్యి బిడ్డా" అనేవాడు.

నేను చాప వేసేదాన్ని. మొదట్లో నవ్వుకుంటూ వేసేదాన్ని, తర్వాత భయపడుతూ. ఖాళీ చాప ముందు ఆయన కూర్చుని పరుపు ఎంత పొడుగు కావాలో అడిగేవాడు, ఎంత దూది పడుతుందో చెప్పేవాడు. వాళ్లు ఒప్పుకోనట్టుంది, ఒక్కోసారి బతిమాలేవాడు. ఒకరోజు అమ్మను చూసి ఈమె ఎవరు, ఈమెకు సుత చాప వెయ్యమన్నాడు. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

ఊళ్లో వాళ్లు గాలి సోకిందన్నారు. అది పిల్లవాడి మీదికి వస్తుందని నిన్ను మేనమామ ఇంటికి పంపేశారు. నీకేమీ గుర్తులేకపోవడం అందుకే. నాయనను గుట్ట మీది దర్గాకు తీసుకుపోయి నలభై రోజులు ఉంచాలన్నారు. తోడుకు నన్ను ఉంచారు. నాకు పదహారేళ్లు. దర్గా చూసుకునే ముజావర్ చెడ్డవాడు కాదు. పొద్దునా సాయంత్రం ఊది పెట్టేవాడు, మాకు రొట్టెలు పంపేవాడు. కానీ నాయన గుట్ట దిగి పోతున్నాడని కాలికి తాడు కట్టారు. ఇరవై తొమ్మిదో రోజు పోయాడు. ఆయన వయసు నలభై ఎనిమిది.

అది ఒక రోగమని, దానికి ఒక పేరు ఉందని నాకు తెలిసింది నీకు వచ్చినప్పుడే. అయినా చెప్పలేకపోయాను. నీ దారి వేరుగా ఉంటుందని అనుకున్నాను. నీది నెమ్మదిగా నడుస్తున్నదని నన్ను నేను నమ్మించుకున్నాను.

ఈ ఉత్తరం తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి పో. అన్నీ చెప్పు, బెంచీ మీద వాళ్ల సంగతి కూడా. నెలాఖరు దాకా చూస్తాను.

అక్క


తిరుమలగిరి
25 మార్చి 2024

అక్కా,

ఇట్లాంటివి ఇంటికి రాయకు. పోస్టుమాన్ మహెక్ చేతికే ఇచ్చాడు. అది చించేలోపు నేను లాక్కున్నాను.

నలభై ఎనిమిదేళ్లు దాచిన దానివి ఇంకొక నెల దాచలేవా? నాయనది నాయనతో పోయింది. ఆయన కాలంలో మాత్ర లేదు, డాక్టరు లేదు. నాకు అన్నీ ఉన్నాయి. నాకు చేతులు కావాలి. చేతులు లేకపోతే ఆ షాపులో నేనూ బెంచీ మీద కూర్చోవాల్సినవాణ్ణే.

పద్దెనిమిదో తారీఖు దాటనీ.

నాసర్


ఖమ్మం
2 ఏప్రిల్ 2024

నాసర్,

నిన్న మహెక్‌కు ఫోను చేసి అంతా చెప్పాను. నువ్వు రాసిన ఉత్తరం చదివి వినిపించాను. అది ఏడవలేదు. "ఇప్పుడన్న చెప్పినవ్ అత్తా" అని ఫోను పెట్టేసింది.

నన్ను ఏమన్నా పడతాను.

అక్క


తిరుమలగిరి
19 జూన్ 2024

అక్కకు,

రెండున్నర నెలలు నీకు రాయలేదు. నీ పేరు మీద మొదలుపెట్టి చింపేసినవి నాలుగున్నాయి. వాటిలో ఉన్నది నీకు తెలియాల్సిన పని లేదు.

ఆపరేషన్ ఆగిపోయింది. మహెక్ నాతో ఒక్క మాట అనకుండా డాక్టరమ్మ దగ్గరికి పోయింది. మర్నాడు ఆమె నన్ను పిలిపించారు. కోప్పడలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది. రక్తం తీసి జీన్ల పరీక్షకు పంపారు, ఆరు వారాలు పట్టింది. జీబీఏ అని ఒక జీన్ ఉందట. నాకు ఉన్న రెండు ప్రతుల్లో ఒకదానిలో ఒక అక్షరం తప్పు. నాయన నుంచే వచ్చి ఉంటుందన్నారు.

మహెక్ పద్మారావు నగర్ బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెబుతుంది కదా, నాకు కూడా బోర్డు మీద రాసినట్టే కాగితం మీద గీసి చెప్పింది. ప్రతి కణంలో చెత్త ఊడ్చేవాడు ఒకడుంటాడట. నా ఇంట్లో ఊడ్చేవాడు సగం పనే చేస్తున్నాడు. చెత్త పేరుకుపోతోంది. అక్షరం తప్పుంటే రోగం వచ్చి తీరుతుందని కాదు. తప్పు ఉన్నవాళ్లలో చాలామందికి జన్మలో ఏమీ రాదు. కానీ వచ్చిందంటే దాని నడక వేరుగా ఉంటుంది. నేను డాక్టరమ్మను సూటిగా అడిగాను. ఆమె సూటిగానే చెప్పారు.

"రోగం అందరికీ ఒకటే నాసర్ గారూ, నడక మాత్రం ఒకటి కాదు. కొందరికి ఇరవై ఏళ్లు చేతుల దగ్గరే ఉండిపోతుంది. ఈ మార్పు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి తొందరగా నడుస్తుంది, మతి మీదికి ముందే వస్తుంది. మీకు ఎంత వేగంగా అన్నది నేను చెప్పలేను. తీగలు పెడితే చెయ్యి ఆగొచ్చు. కానీ ఇప్పటికే మనుషులు కనిపిస్తున్నారు. ఆ మతిని పణంగా పెట్టి నేను చెయ్యిని బాగుచెయ్యను."

వణుకు కోసం ఇచ్చిన మాత్రల్లో ఒకటి ఆ మనుషులను ఇంకా ఎక్కువ తెస్తుందట. అది ఆపేశారు. వేరే మందు మొదలుపెట్టారు. బెంచీ మీద వాళ్లు తగ్గారు. ఇద్దరు వచ్చేచోట ఇప్పుడు పెద్దాయన ఒక్కడే, అదీ పది రోజులకొకసారి. వణుకు మాత్రం పెరిగింది. కత్తెర పని లక్ష్మణ్‌కు అప్పగించాను. పదిహేనేళ్లుగా నా దగ్గర కాజాలు కుట్టినవాడు, చేయి నిదానం. మొదటి రోజు ఖాకీ గుడ్డ పరిచి నన్ను చూశాడు. నేను సుద్దతో గీత గీయబోతే గీత పాములా పోయింది. వాడే నా చేతిలోంచి సుద్ద తీసుకుని, "మీరు చెప్పున్రి మాస్టర్, నేను గీస్త" అన్నాడు. అట్లాగే నడుస్తోంది.

నీ మీద కోపం పోలేదు. ఎందుకని నన్ను నేను అడిగితే రెండు జవాబులొస్తున్నాయి. నా చేతులు నువ్వు తీసేసుకున్నావని ఒకటి. చెప్పాల్సినప్పుడు చెప్పక, చెప్పొద్దన్నప్పుడు చెప్పావని ఇంకొకటి. డాక్టరమ్మ మాత్రం మీ అక్క మీకు మేలు చేసింది అన్నారు.

ఒక సంగతి అడగాలి. నువ్వు రాసిన ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. ఇరవై తొమ్మిదో రోజు పోయాడు అన్నావు. ఎట్లా పోయాడో రాయలేదు. చివర్లో ఏమన్నాడు? నిన్ను గుర్తుపట్టాడా? నా ముందున్న దారిలో ముందు నడిచినవాడు ఆయనొక్కడే అక్కా. ఆ చివర ఎట్లా ఉంటుందో నాకు తెలియాలి.

నాసర్


ఖమ్మం
11 ఆగస్టు 2024

నాసర్,

నీ ప్రశ్నకు జవాబు రాయడానికి ఏడు వారాలు పట్టింది. ఆలోగా ఒక పని చేశాను. తోబుట్టువులు కూడా కావాలంటే పరీక్ష చేయించుకోవచ్చని డాక్టరమ్మ అన్నారని మహెక్ చెప్పింది. ఇక్కడి ల్యాబు అబ్బాయి ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయాడు. ఎందుకు చేయించుకున్నానో నీతో నిజం చెబుతాను. నాకూ ఉండాలని కోరుకున్నాను.

ఉంది. నీలో ఉన్న ఆ తప్పు అక్షరమే నాలోనూ ఉంది. నాకు అరవై నాలుగేళ్లు. చేయి చాచి పట్టుకుని చూసుకుంటున్నాను, వణకదు. సూదిలో దారం ఎక్కిస్తాను. నడకలో మోకాళ్ల నొప్పి తప్ప ఏమీ లేదు. డాక్టరమ్మ ఫోనులో మాట్లాడారు. నాకు ఎప్పటికీ రాకపోవచ్చునట. ఎందుకు అని అడిగితే, ఎందుకో ఎవరికీ పూర్తిగా తెలియదన్నారు. నాయనను నాలుగేళ్లలో తినేసింది, నిన్ను పట్టుకుంది, నా ఒంట్లో అరవై నాలుగేళ్లుగా నోరు మెదపకుండా కూర్చుంది. శిక్ష పడుతుందని కోర్టుకు పోయినదానికి ఇంటికి పొమ్మన్నట్టుంది నాకు.

ఇప్పుడు నీ ప్రశ్న. నాయన చివర్లో ఏమన్నాడో నేను వినలేదు. నేను అక్కడ లేను.

ఇరవై ఆరో రోజు పొద్దున నేను రొట్టె ముక్కలు చేసి పాలలో నానబెట్టి నోటికి అందిస్తున్నాను. ఆయన నోరు మూసుకున్నాడు. నన్ను చాలాసేపు చూశాడు.

"నువ్వెవరు? ఎప్పట్నుంచో కూసున్నవ్. నీకేం గావాలె?" అన్నాడు.

బెంచీ మీద వాళ్లను నువ్వు చూసినట్టు నన్ను చూశాడు నాసర్. ఆ ఖాళీ చాపల మీద ఆయనకు కనిపించేవాళ్లలో నేనూ ఒకదాన్నయ్యాను. నేను నీ బిడ్డను అన్నాను, షంషును అన్నాను. ఆయన మొహంలో ఏమీ మారలేదు. అప్పుడు నాకు భయం వేసింది. నేను నిజంగా ఉన్నానా అనే భయం. గిన్నె అక్కడే పెట్టి గుట్ట దిగాను. పొద్దుటి బస్సు నిలబడి ఉంది, ఎక్కాను. గుట్ట దిగేటప్పుడు వెనక నుంచి ఆయన ఏదో అన్నాడు, తిరిగి చూడలేదు. తాడు విప్పి రాలేదు.

ఇంటికి పోయి, నాయనకు నయంగా ఉంది, నన్ను పొమ్మన్నాడు అని అమ్మకు చెప్పాను. అమ్మ నమ్మింది. నమ్మాలనే నమ్మింది. మూడు రోజులకు కబురొచ్చింది. అమ్మ పోయి వచ్చాక నన్ను ఏమీ అనలేదు. తాను చనిపోయే ముందు, అంటే ఇరవై ఏళ్ల తర్వాత, ఒక్కసారి చెప్పింది. ఆ మూడు రోజులూ ఆయన తిండి ముట్టలేదని, వచ్చిన ప్రతివాళ్లనూ ఒకటే అడిగాడని ముజావర్ చెప్పాడట.

"ఆ చాప మీద కూసున్న పిల్ల ఏది?"

నేను పిల్లలకు ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పాను. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని నువ్వు ఎన్నిసార్లో అడిగావు. ఇంట్లో ఏ మనిషి పక్కన కూర్చున్నా, ఇంకాసేపటికి లేచి పారిపోతానని నాకు తెలుసు. అందుకే కూర్చోలేదు.

ఇంతే. ఇంకేమీ దాచలేదు.

షంషున్నీసా


తిరుమలగిరి
27 అక్టోబరు 2024

అక్కా,

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను. చదవలేని చోట మహెక్ పైన రాసింది.

నువ్వప్పుడు పదహారేళ్ల పిల్లవని మహెక్ అంటుంది. జన్నత్ అంటుంది. నేనూ అంటాను. కానీ అన్న ప్రతిసారీ ఆ తాడు గుర్తొస్తుంది. నిన్ను క్షమించానో లేదో నాకు తెలియదు. క్షమించానని రాస్తే అది ఇంకొక అబద్ధం, మనిద్దరివీ కలిసి ఇప్పటికే ఎక్కువయ్యాయి.

నా సంగతి. నడక మారింది. గుమ్మం దగ్గర కాళ్లు ఆగిపోతున్నాయి. నేల మీద జన్నత్ రంగు టేపు గీతలు అంటించింది, గీత మీద అడుగు వెయ్యమని. అది పనిచేస్తోంది. పోయిన వారం మారేడ్‌పల్లి నుంచి ఆటోలో వస్తూ ఇంటి దారి మర్చిపోయాను. ఆటో అతను మంచివాడు, నా జేబులో ఉన్న మందుల చీటీ మీది నంబరుకు ఫోను చేశాడు. డాక్టరమ్మ ఏమీ దాచకుండా చెప్పారు, నా నడక వేగంగానే ఉందని. నడక అంటే నా కాళ్ల నడక కాదు.

మహెక్‌ను పరీక్ష చేయించుకుంటావా అని అడిగాను. "ఇప్పుడొద్దు నాయనా. తెలిసి జేసేదేం లేదు. జేసేది ఏదన్న వచ్చిన నాడు జేయించుకుంట" అంది. నేను ఒత్తిడి చేయలేదు.

పెద్దాయన వస్తూనే ఉన్నాడు. ఇప్పుడు షాపుకు కాదు, ఇంటికి. కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. కొలతలు అడగడు. మొదట నేను ఆయన నాయనేమో అనుకున్నాను. నాయన నలభై ఎనిమిదేళ్లకే పోయాడని రాశావు, ఈయన ఇంకా పెద్దవాడు. కాదు. ఎవరో. నాకు ఆయనంటే భయం లేదు అక్కా. ఆయన లేచి పోయినప్పుడే గది పెద్దదైపోయినట్టుంటుంది.

అది అనుకుంటుంటే నాకు ఒక సంగతి అర్థమైంది. నాయన మూడు రోజులు అడిగింది కూతుర్ని కాదు. కూతురు ఎవరో ఆయనకు తెలియదు. పక్కన కూర్చున్న పిల్లను అడిగాడు. నువ్వు ఎవరైతేనేమి, ఆయనకు కావాల్సింది నువ్వు అక్కడ ఉండటమే.

కాబట్టి ఇది అడుగుతున్నాను. నువ్వు ఇక్కడికి రా. చూసిపోవడానికి కాదు, ఉండటానికి. జన్నత్‌కు ఒక్కదానికి నన్ను లేపడం కష్టంగా ఉంది, మహెక్ పొద్దున పోతే సాయంత్రం గాని రాదు. నేను నిన్ను గుర్తుపట్టని రోజు వస్తుంది. నువ్వెవరు, ఎందుకు కూసున్నవ్ అని అడుగుతాను. పొమ్మని కూడా అంటానేమో. అప్పుడు లేచి పోవద్దు. ఒకసారి పేరు చెప్పు. నమ్మకపోతే మళ్లీ చెప్పకు. ఊరికే కూర్చో.

ఈ పని జన్నత్‌ను అడిగితే చేస్తుంది. మహెక్‌నూ అడగొచ్చు. కానీ ఎట్లా పారిపోతారో తెలిసినదానివి నువ్వొక్కదానివే. అందుకే నిన్ను అడుగుతున్నాను.

నీకు ఇష్టం లేకపోతే జవాబు రాయకు. నేను అర్థం చేసుకుంటాను. అర్థం చేసుకునే మతి ఉన్నంతవరకు.

నాసర్


ఖమ్మం
4 నవంబరు 2024

తమ్ముడు నాసర్‌కు,

ఇల్లు ఖాళీ చేస్తానని చెప్పేశాను. మంచం, బీరువా నాంచారమ్మ తీసుకుంటోంది. పుస్తకాలు బడికి ఇచ్చేశాను. రెండు సంచులతో వస్తున్నాను.

నువ్వు అడిగినదానికి మాట ఇవ్వడం నాకు చాతకాదు. మాట ఇచ్చి తప్పినదాన్ని. వచ్చి ఉంటాను. ఒకరోజు ఉంటాను, మర్నాడు ఇంకొక రోజు ఉంటాను. అట్లా ఎన్ని రోజులైతే అన్ని.

నాకు ఇప్పటికీ భయమే. నువ్వు నన్ను చూసి నువ్వెవరు అన్న రోజు నా కాళ్లు గుమ్మం వైపు లేస్తాయేమో. లేస్తే జన్నత్‌ను తలుపు గడియ పెట్టమని చెప్పు. నీ కోసం కాదు, నా కోసం.

ఆదివారం పొద్దుటి రైలు ఎక్కుతున్నాను. స్టేషన్‌కు వస్తానని మహెక్ ఫోనులో చెప్పింది. ఒక్కదాన్నే పంపకు. దాన్ని తోడు తీసుకుని నువ్వూ రా. మెట్ల దగ్గర కాళ్లు ఆగిపోతే ఆగు, తొందరపడకు, జనాన్ని పోనీ. నేను దిగినచోటే నిలబడతాను. నువ్వు వచ్చేదాకా కదలను.

అక్క